మూడు వేల తోకల జవాబు

చాలా పెద్ద అడవి అది. ఈ చివర వాన పడుతుంటే ఆ చివర ఎండ కాసేది. అంత అడవికీ కలిపి బడి ఒక్కటే ఉండేది.

బడి చుట్టూ వెదురు కంచె. కంచె లోపల ఎవరూ ఎవరినీ తినకూడదని రూలు. కంచె బయట ఎవరి ఆకలి వారిది. అందుకే ఆ బడిలో జింకపిల్లా తోడేలుపిల్లా ఒకే బల్ల మీద కూర్చుని ఎక్కాలు చదివేవి. సాయంత్రం మాత్రం జింకలని పది నిమిషాలు ముందు వదిలేవారు.

ఆ బడిలో లెక్కలు చెప్పేది గోధయ్య మాస్టారు. ఆయన ఉడుము. ఇరవై రెండేళ్ల సర్వీసు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. కానీ ఒక పిల్లకి లెక్క రాలేదంటే వచ్చేదాకా వదిలేవారు కాదు. ఉడుంపట్టు అంటే ఏమిటో ఆ బడి పిల్లలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన వస్తుంటే భయపడేవాళ్లు. ఆయన సెలవు పెడితే దిగులుపడేవాళ్లు.

పక్క గదిలో పరిసరాల పాఠం చెప్పేది పింఛేశ్వరరావు. నెమలి. ఉద్యోగంలో చేరి మూడేళ్లయింది. చూడ్డానికి ఎంత బాగుంటాడో ఆ సంగతి అతనికి అంత బాగా తెలుసు.

అడవికి సెల్ టవరు వచ్చింది. దాని వెనకే 'కిచకిచ' అనే యాప్ వచ్చింది. అందులో ఎవరి పేజీ వాళ్లకి ఉంటుంది. ఏదైనా నచ్చితే తోక ఊపాలి. ఎన్ని తోకలు ఊగాయో కింద అంకె పడుతుంది. తోకలు లేని కప్పలు తమకి అన్యాయం జరిగిందని అర్జీ పెట్టుకున్నాయి. అర్జీ ఇంకా పరిశీలనలో ఉంది.

ఆ ఏడాది అడవి విద్యాధికారి జంబుకరాయుడు గారి నుంచి బడికి ఒక సర్క్యులర్ వచ్చింది. ఆయన నక్క అని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను. హెడ్మాస్టరు భీమలింగం గారు అడవిదున్న. కొమ్ములు బారెడు, గుండె చారెడు. పైనుంచి కాగితం వస్తే ముందు లేచి నిలబడి, ఆ తర్వాత చదివేవారు. స్టాఫ్ రూములో అలాగే నిలబడి చదివారు.

"ఉపాధ్యాయులు విద్యార్థులకు దూరముగా నుండుట వలన చదువు దెబ్బతినుచున్నది. కావున ప్రతి ఉపాధ్యాయుడును కిచకిచయందు పేజీ తెరిచి, విద్యార్థులతో స్నేహముగా మెలగవలెను. సంవత్సరాంతమున అధికముగా తోకలు పొందినవారికి ఉత్తమ గురువు బిరుదు ఇవ్వబడును."

వారం తిరక్కుండానే జంబుకరాయుడు గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. గోధయ్య మాస్టారు లేచారు.

"సార్, నేను పిల్లలతో రోజూ తరగతిలోనే మాట్లాడుతున్నాను గదండీ. మళ్లీ పేజీ ఎందుకండీ?"

"మాట్లాడుతున్నారు, కాదనను. దానికి ఆధారం ఏముంది?"

"పిల్లలకి లెక్కలొచ్చాయండి."

"అది పిల్లల దగ్గరున్న ఆధారం మాస్టారూ. ఆఫీసులో పెట్టుకోడానికి మా దగ్గర ఏముంది?"

మాస్టారు కూర్చున్నారు. పేజీ మాత్రం తెరవలేదు.

పింఛేశ్వరరావు ఆ సాయంత్రమే తెరిచాడు. 'మీ ఫ్రెండ్ పింఛన్న' అని పేరు పెట్టుకున్నాడు. మొదటిరోజు పింఛం విప్పాడు, నాలుగొందల తోకలు. రెండోరోజు వానచినుకుల్లో విప్పాడు, ఏడొందలు. మూడోరోజు జంబుకరాయుడు గారి పక్కన నిలబడి విప్పాడు. ఆ ఫొటో జంబుకరాయుడు గారికి కూడా నచ్చింది.

పిల్లలు మొదట్లో 'పింఛన్నా' అని ఫోనులోనే పిలిచేవారు. తర్వాత తరగతిలో కూడా అలాగే పిలవడం మొదలెట్టారు. ఒకరోజు కొండముచ్చు పిల్లాడు వెనక బల్ల మీంచి, "ఒరేయ్ పింఛా, నిన్నటి డాన్సు అదిరింది" అన్నాడు. పింఛేశ్వరరావుకి కోపం వచ్చింది. కానీ ఆ పిల్లాడు రోజూ మొట్టమొదట తోక ఊపేవాడు. అందుకని నవ్వేసి ఊరుకున్నాడు.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, నెమలికి ఉన్నది ఒక్క పింఛమే. రెండు నెలలయ్యేసరికి అది చూసి చూసి అడవికి మొహం మొత్తింది. తోకలు మూడొందలకి దిగాయి, తర్వాత వందకి. పింఛేశ్వరరావుకి అన్నం సహించలేదు. కొత్తగా ఏదైనా కావాలి.

సరిగ్గా అప్పుడే మూడోతరగతి పరీక్ష పేపర్లు దిద్దడానికి వచ్చాయి.

ప్రశ్న: 'పాము ఎదురైనచో నీవేమి చేయుదువు?' పాఠ్యపుస్తకాన్ని జింకల కమిటీ రాసింది కాబట్టి, దానికి జవాబు 'పరుగెత్తి పొద చాటుకు పోవలెను' అని. అందరూ అదే రాశారు. ఆఖరికి పాముపిల్లలు కూడా అదే రాశాయి.

ఒక్క నకులి మాత్రం వేరే రాసింది. నకులి ముంగిసపిల్ల. తండ్రి లేడు, తల్లితో ఉంటుంది. క్లాసులో అందరికన్నా చిన్నది. గుండ్రంగా, ఒత్తి ఒత్తి, ఎంతో శ్రద్ధగా ఇలా రాసింది.

'మెడ వెనక పట్టుకుంటాను. రెండుసార్లు విదిలిస్తాను. సగం అమ్మకి పెడతాను.'

పింఛేశ్వరరావు పడీపడీ నవ్వాడు. సున్నా వేశాడు. ఆ కాగితాన్ని, పైన పేరుతో సహా, ఫొటో తీసి పేజీలో పెట్టాడు. కింద 'మా బంగారు భవిష్యత్తు' అని రాసి, ఏడ్చేంతగా నవ్వే బొమ్మలు మూడు పెట్టాడు.

మధ్యాహ్నానికి మూడు వేల తోకలు.

స్టాఫ్ రూములో ఆ ఫోను చేతులు మారింది. భీమలింగం గారు బల్ల చరిచి నవ్వారు. గోధయ్య మాస్టారికీ చూపించారు. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు. ఆయన మూతి ఒక పక్కకి కదిలింది. ఆ ఏడాది ఆయన నవ్వడం అదే మొదటిసారి.

మర్నాటికల్లా నకులికి పేరు పోయింది. "ఏయ్ సగం, ఇటు రా." "సగం, మీ అమ్మ తిన్నదా?" మంచినీళ్ల తొట్టి దగ్గర, ఆటస్థలంలో, ఆఖరికి ప్రార్థన వరుసలో కూడా అదే. నకులికి మొదట సంగతి అర్థం కాలేదు. కొండముచ్చు పిల్లాడు ఫోను చూపించాడు. అది తన రాతే. తను అంత శ్రద్ధగా ఒత్తి రాసిన రాత. దాని కింద మూడు వేలమంది తోకలూపారు, ఆరొందలమంది ఏదో ఒకటి రాశారు. నకులి కూడబలుక్కుని మొదటి నలభై చదివింది.

మూడోరోజు బడి ముందు పాములు ధర్నాకి కూర్చున్నాయి. అడవి పాముల సంక్షేమ సంఘం అధ్యక్షుడు జెర్రిపోతు పొడుగరయ్య మైకు పట్టుకున్నాడు. అతనికి కోరల్లో విషం లేదు. ఆ లోటు ఉపన్యాసంలో తీర్చుకునేవాడు.

"మా జాతి మనోభావాలు దెబ్బతిన్నాయి! సగం అంటే ఏ సగం? తలవైపా, తోకవైపా? ఈ అవమానం మేం సహించం!"

భీమలింగం గారికి చెమటలు పట్టాయి. ఫొటో పెట్టినవాడిని పిలుస్తారని గోధయ్య మాస్టారు అనుకున్నారు. పిలిచింది నకులి తల్లిని.

"ఏమ్మా, పిల్లని పెంచడం ఇలాగేనా? క్షమాపణ పత్రం రాయించండి. ఇకమీదట పాములను తినను అని."

తల్లి చేతులు కట్టుకుని నిలబడింది. "రాయిస్తాను సార్. మరి ఏం తినాలి సార్?"

"అది సిలబస్‌లో లేదమ్మా."

నకులి రాసింది. ఈసారి అక్షరాలు గుండ్రంగా లేవు. ఆ క్షమాపణ పత్రాన్ని కూడా పింఛేశ్వరరావు ఫొటో తీసి పెట్టాడు. పదిహేడొందల తోకలు వచ్చాయి.

మర్నాటి నుంచి నకులి బడికి రాలేదు.

గోధయ్య మాస్టారు హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర ఆగేవారు. క్లాసు కిసుక్కున నవ్వేది. నాలుగోరోజు కూడా అలాగే నవ్వారు. అప్పుడాయనకి తన మూతి పక్కకి కదిలిన సంగతి గుర్తొచ్చింది. హాజరు పట్టీ మూసేసి, పాఠం చెప్పకుండా కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. పిల్లలు నవ్వడం మానేశారు.

గంట కొట్టాక ఆయన పక్క గదికి వెళ్లారు.

"పింఛేశ్వరరావ్, ఆ కాగితం తీసెయ్యి నాయనా."

"అయ్యో మాస్టారూ, అది నా సొంత పేజీ అండి. అక్కడ నేను టీచర్ని కాను, జస్ట్ పింఛన్నని."

"మరి ఆ కాగితం నీకెలా వచ్చింది?"

"టీచర్ని కదండీ. దిద్దడానికి వచ్చింది."

"అంటే తీసుకునేటప్పుడు టీచరువి, పెట్టేటప్పుడు కావు."

"మీరు పాతకాలం వాళ్లు, మీకు ఇవి అర్థం కావు లెండి. ఇప్పుడు టీచరంటే పిల్లలకి ఫ్రెండులా ఉండాలి."

"ఆ పిల్ల కూడా నీకు ఫ్రెండేనా?"

పింఛేశ్వరరావు ఫోను తీసి వెతికాడు. "లేదండీ. ఆ పిల్లకి పేజీ లేదు" అన్నాడు, అక్కడితో మాట అయిపోయినట్టుగా.

ఆదివారం గోధయ్య మాస్టారు ఏరు దాటి వెళ్లారు. నకులి తల్లి బొరియ మార్చేసింది. పాత చోట వచ్చేపోయేవాళ్లంతా తొంగిచూసి నవ్వుతున్నారట. కొత్త బొరియ ఏటి అవతల రాళ్లగుట్ట కింద ఉంది. తల్లి గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"పిల్ల మాట్లాడదు సార్. పొద్దస్తమానం నా ఫోను పట్టుకుని ఎవరేం రాశారో చూస్తూ కూర్చుంటుంది. లాక్కుంటే ఏడుస్తుంది. తిండి కూడా సగమే..." అనబోయి ఆ మాట దగ్గర ఆగిపోయింది.

మాస్టారు తలొంచుకున్నారు. "నేను కూడా నవ్వానమ్మా" అన్నారు.

తల్లి ఆయన మొహంలోకి చూసింది. బడి నుంచి ఇంతవరకూ వచ్చిన మాటల్లో క్షమాపణలాంటిది అదొక్కటే. పక్కకి జరిగి దారి ఇచ్చింది.

నకులి బయటికి రాలేదు. చీకట్లో ఫోను వెలుగు మాత్రం కనబడుతోంది. మాస్టారు పిలిచి చూశారు. కాసేపు కూర్చున్నారు. లేచి వెళ్తూ తల్లితో అన్నారు.

"పిల్ల ఆ ఫోనులోనే ఉందంటున్నారు కదా. మీకు అభ్యంతరం లేకపోతే నేనూ అందులోకే వస్తాను. మీ ఫోనుకే రాస్తాను, మీ పేరునే. మీరు చదివాకే పిల్లకి చూపించండి."

అలా ఇరవై రెండేళ్ల సర్వీసులో గోధయ్య మాస్టారు మొదటిసారి పేజీ తెరిచారు. పేరు: గోధయ్య, లెక్కల మాస్టారు. ఫొటో లేదు. పోస్టులు లేవు. తోకలు లేవు. ఒకే ఒక్క సందేశం వెళ్లింది.

'పాము పొడవు ఆరు మూరలు. సగం అమ్మకి పెట్టావు. నీకు మిగిలింది ఎంత?'

రెండురోజులు జవాబు లేదు. మూడోరోజు వచ్చింది.

'మూడు మూరలు. కాని తల తినకూడదు సార్. తీసేయాలి.'

'తల ఎంత?'

'జానెడు.'

'అయితే నీ లెక్క తప్పు. మూరకి రెండు జానలు. మళ్లీ చెయ్యి.'

మళ్లీ చేసింది. పన్నెండు జానల్లో ఒకటి పోతే పదకొండు. పదకొండుని రెండు భాగాలు చేయడం నకులికి తెలియదు. ఇంకా అక్కడిదాకా పాఠం రాలేదు. అయిదు, ఆరు అని రాసింది. 'ఆరు ఎవరికి?' అని అడిగారు మాస్టారు. 'అమ్మకి' అని రాసింది. 'ఇద్దరికీ సమంగా రావాలి' అని ఆయన పట్టుబట్టారు. ఆయన పట్టు పట్టారంటే ఎలా ఉంటుందో తెలుసుగా. తల్లి కూడా పక్కన కూర్చుని పుల్లతో నేల మీద గీతలు గీసింది. పదకొండోరోజుకి భిన్నాలు వచ్చాయి. పన్నెండోరోజు నకులి, 'సార్, రేపు బడికి రానా?' అని రాసింది.

'రా' అని రాశారు మాస్టారు. కానీ ఆ మర్నాడు బడికి వచ్చింది నకులి కాదు, మాస్టారి మీద ఎంక్వయిరీ కాగితం.

ఎందుకంటే ఈలోపు ఇక్కడ చాలా జరిగింది. 'ఒరేయ్ పింఛా' మాట ఎలాగో జింకల దాకా వెళ్లింది. టీచర్లకి మర్యాద లేకుండా పోతోందని పెద్ద జింకలు అర్జీ పెట్టాయి. పాముల ధర్నా ఇంకా నడుస్తూనే ఉంది. జంబుకరాయుడు గారు వెంటనే 'గురువుల వృత్తి గౌరవ పరిరక్షణ కమిటీ' వేశారు. అధ్యక్షుడు ఆయనే. ఒక సభ్యుడు భీమలింగం గారు. కిచకిచలో బాగా అనుభవం ఉన్నవారు ఒకరు ఉండాలని, రెండో సభ్యుడిగా పింఛేశ్వరరావుని వేశారు.

కమిటీ రెండు రూల్స్ చేసింది. ఒకటి: కిచకిచలో టీచరుగా మాట్లాడితే తోక కుడివైపు పెట్టాలి, సొంతంగా మాట్లాడితే ఎడమవైపు పెట్టాలి. రెండు: ఏ ఉపాధ్యాయుడూ ఏ విద్యార్థితోనూ విడిగా సందేశాలు నడపరాదు.

ఆ తర్వాత అందరి పేజీలూ తనిఖీ చేశారు. పింఛేశ్వరరావు పేజీ అంతా బహిరంగమే. తోక ఎప్పుడూ ఎడమవైపే. ఒక్క తప్పు లేదు. గోధయ్య మాస్టారి పేజీ దగ్గర జంబుకరాయుడు గారు ఆగిపోయారు.

"ఒక్క పోస్టు లేదు. ఒక్క తోక లేదు. మనిషన్నాక... సారీ, జంతువన్నాక పేజీ ఎందుకు పెట్టుకుంటుంది? పదిమంది చూడాలని. ఎవరూ చూడకూడదనుకున్నాడంటే ఏదో ఉంది."

అదీ సంగతి. ఎంక్వయిరీ మిట్టమధ్యాహ్నం బడి హాల్లో పెట్టారు. పొడుగరయ్యని బాధిత పక్షంగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతను దాని చుట్టూ మూడు చుట్లు చుట్టుకున్నాడు. అంతా పారదర్శకంగా ఉండాలని, పింఛేశ్వరరావు తన పేజీలో లైవ్ పెట్టాడు. అయిదు వేలమంది చూస్తున్నారు. నకులి తల్లిని సాక్షిగా పిలిచారు. నకులి ఆమె వెనక నక్కి నిలబడింది.

జంబుకరాయుడు గారు సందేశాలు పైకి చదివారు. "పాము పొడవు ఆరు మూరలు..."

"మళ్లీ మేమే!" అని పొడుగరయ్య లేచాడు.

"కూర్చోండి, అన్నీ వస్తాయి. గోధయ్య గారూ, రూలు మీకు తెలుసా?"

"తెలుసండి. మంచి రూలే. టీచరు పిల్లలతో చాటుమాటుగా మాట్లాడకూడదు. అందుకే ఆ తల్లికి చెప్పి, ఆ తల్లి ఫోనుకే రాశాను."

"తల్లి ఫోను అని రూల్లో లేదు. పోనీ, బడికి రాని పిల్లకి పాఠం ఎలా చెప్పారు?"

"బడికి రాలేదనే చెప్పానండి."

"హాజరు లేకుండా పాఠం. రాసుకోండి భీమలింగం గారూ."

నకులి తల్లి ఒక అడుగు ముందుకొచ్చింది. "సార్, ప్రతి అక్షరం నేను చూశాను. ఆయన లెక్క తప్ప వేరే మాట రాయలేదు. పక్కన కూర్చుని నేను కూడా నేర్చుకున్నాను."

"మీరు కూడానా?" జంబుకరాయుడు గారు కళ్లజోడు తీశారు. "అనుమతి లేకుండా వయోజన విద్య. అదీ రాసుకోండి."

భీమలింగం గారు రాసుకుంటూ, "సార్, ఇంతకీ ఆ లెక్కకి జవాబెంత రాయమంటారు?" అన్నారు.

జంబుకరాయుడు గారు భీమలింగం గారిని చూశారు. భీమలింగం గారు పింఛేశ్వరరావుని చూశారు. పింఛేశ్వరరావు ఫోనుకేసి తిరిగి, "ఫ్రెండ్స్, మీరే చెప్పండి! మూడు మూరలా, పదకొండు జానలా?" అన్నాడు. నిమిషంలో అరవైరెండు శాతం మంది పదకొండు అన్నారు.

"పదకొండు" అన్నారు జంబుకరాయుడు గారు గంభీరంగా. "రాసుకోండి."

"కాదు సార్."

తల్లి వెనక నుంచి వచ్చిన గొంతు అది. ఇరవై రోజులుగా బయట ఎవరూ వినని గొంతు. గోధయ్య మాస్టారు నకులి వైపు తిరగలేదు. బల్ల మీది సుద్దముక్క తీసి, నల్లబల్ల అంచున పెట్టి ఊరుకున్నారు.

నకులి నెమ్మదిగా వచ్చి ముక్క తీసుకుంది. పింఛేశ్వరరావు ఫోను అటు తిప్పాడు.

"అది ఆపు నాయనా. పిల్ల లెక్క చేసుకుంటోంది" అన్నారు మాస్టారు.

"పారదర్శకత మాస్టారూ!"

మాస్టారు నడిచి వెళ్లి ఫోనుకీ నకులికీ మధ్య నిలబడ్డారు. అయిదు వేలమందికి ఆయన గరుకు వీపు తప్ప ఏమీ కనబడలేదు. సుద్ద గీస్తున్న చప్పుడు మాత్రం వినబడింది. తర్వాత ఒక చిన్న గొంతు.

"అయిదున్నర జానలు. అమ్మకి అయిదున్నర, నాకు అయిదున్నర."

మాస్టారు వెనక్కి తిరిగి నల్లబల్ల చూశారు. పైనుంచి కిందకి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి. "ఊఁ" అన్నారు. ఆయన దగ్గర అంతకన్నా పెద్ద మెప్పు లేదు. నకులికి ఆ సంగతి తెలుసు.

లైవ్ కింద పిల్లలు ఏవేవో రాస్తున్నారు. జంబుకరాయుడు గారు మాట మార్చడానికి, "ప్రజాభిప్రాయం ఎలా ఉందో చూద్దాం" అని ఫోను అందుకుని పైకి చదవసాగారు. "'సూపర్'... 'ఆ ఉడుం మాస్టార్ని పక్కకి జరగమనండి'... 'పింఛన్నా, పాము ఎదురైతే నువ్వేం చేస్తావు?'"

చదివేశాక గాని ఆయనకి తను ఏం చదివారో తెలియలేదు.

కుర్చీ చుట్టూ ఉన్న పొడుగరయ్య చుట్లలో ఒకటి సడలింది. "అవును" అన్నాడు నెమ్మదిగా. "మీరేం చేస్తారండీ?"

పింఛేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "అది... టీచరుగా చెప్పమంటారా, నెమలిగా చెప్పమంటారా?"

"ముందు టీచరుగా చెప్పండి."

తోక కుడివైపు పెట్టాడు. "పరుగెత్తి పొద చాటుకి పోతాను."

"ఇప్పుడు నెమలిగా."

తోక ఎడమవైపు తిరిగింది. పొద్దున్నుంచీ కమిటీ పనిలో పడి అతను ఏమీ తినలేదు. ఎదురుగా ఆరు మూరల పొడుగరయ్య ఉన్నాడు. పింఛేశ్వరరావు మెడ దానంతటదే కొంచెం ముందుకు సాగింది.

పొడుగరయ్య మిగతా రెండు చుట్లూ విప్పుకుని కిటికీలోంచి వెళ్లిపోయాడు. అధ్యక్షుడి హోదాలో వెళ్లాడో పాము హోదాలో వెళ్లాడో ఎవరూ అడగలేదు. ధర్నా ఆ సాయంత్రమే ముగిసింది. సంఘం ఆ తర్వాత ఎక్కడ సమావేశమవుతోందో ఎవరికీ తెలియదు.

పింఛేశ్వరరావు మూడురోజులు పేజీ మూసుకున్నాడు. నాలుగోరోజు, కళ్లలో నీళ్లతో, పింఛం ముడుచుకుని, క్షమాపణ వీడియో పెట్టాడు. పదకొండు వేల తోకలు వచ్చాయి. అడవి చరిత్రలో అన్ని తోకలు ఎవరికీ రాలేదు. ఉత్తమ గురువు బిరుదు ఇచ్చి, విద్యాధికారి ఆఫీసులో సలహాదారుగా తీసుకున్నారు. ఉపాధ్యాయులు కిచకిచలో హుందాగా ఎలా మెలగాలో ఇప్పుడు అతనే శిక్షణ ఇస్తున్నాడు. నకులి కాగితం అతని పేజీలో ఇంకా ఉంది. దాన్ని తీసేయమని ఏ రూల్లోనూ లేదు.

గోధయ్య మాస్టారి తప్పులు మూడూ రుజువయ్యాయి. ఆయనని ఏటి అవతలి బడికి బదిలీ చేశారు. ఏటి అవతల బడి ఉన్నది ఆఫీసు కాగితాల మీదే. మాస్టారు ఏరు దాటి, కాగితంలో రాసిన చోట నిలబడి చూశారు. రాళ్లు, నాలుగు తుప్పలు ఉన్నాయి.

ఒక బల్లపరుపు రాయి చూసుకుని దాని మీద సుద్దతో తేదీ వేశారు. కాసేపటికి నకులి వచ్చి కూర్చుంది. ఆమె పక్కన తల్లి కూర్చుంది. మర్నాడు రెండు కుందేళ్లు వచ్చాయి. వారానికి ఏటి ఇవతలి నుంచి జింకపిల్లలు కూడా దాటి రావడం మొదలెట్టాయి. ఒకరోజు కొండముచ్చు పిల్లాడు వచ్చి దూరంగా నిలబడ్డాడు. నకులి అతన్ని చూసి, మాస్టారిని చూసింది. మాస్టారు రాయి మీద లెక్క వేస్తూ ఉండిపోయారు. చాలాసేపటికి నకులే కాస్త పక్కకి జరిగింది. ఎక్కువేం కాదు, ఒక తోక పట్టేంత.

పాత బడి మూడోతరగతిలో ఇప్పుడు నలుగురే పిల్లలు. ఆ తరగతి పేరున కొత్తగా తెరిచిన పేజీని మాత్రం పన్నెండు వేలమంది చూస్తున్నారు. భీమలింగం గారు ఆ అంకెతో నివేదిక పంపారు. జంబుకరాయుడు గారు దాన్ని ఆదర్శ పాఠశాలగా ప్రకటించారు.

కాబట్టి ఈ కథలో నీతి ఇది: టీచరు ఉద్యోగం చల్లగా సాగాలంటే పిల్లలతో అందరి ముందూ ఎంతైనా ఆడుకోవచ్చు, ఏ ఒక్క పిల్లనీ మాత్రం పొరపాటున కూడా పట్టించుకోకూడదు.